విమానం ఎక్కించే ముందు పిల్లకి నిద్రమందు పోయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో చిన్నపిల్లలతో విదేశాలకు వెళ్ళేవారి కోసం మీ పత్రిక ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివాను. ఏ దేశానికి వీసా అక్కర్లేదు, టికెట్లు ఎప్పుడు చౌక, ఎక్కడ ఏం చూడాలి అన్నవి ఉపయోగపడేలా రాశారు. అయితే పిల్లలు దారిలో పేచీ పెట్టకుండా నిద్రపోయేలా ముందే చూసుకోవాలని అందులో ఒక మాట ఉంది. ఎలా చూసుకోవాలో రాయలేదు. ఆ సంగతి కనుక్కోవడానికి జనం ఎక్కడికి వస్తారో నాకు బాగా తెలుసు. అందుకే ఈ ఉత్తరం. పెద్దదే అయింది, వీలైతే కుదించకుండా వేయమని కోరుతున్నాను.

కాకినాడలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి దగ్గర్లో మాకు మందుల షాపు ఉంది. నేను బీఫార్మసీ చదివాను. మా ఆయనా నేనూ కలిసి షాపు చూసుకుంటాం. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా మా కౌంటర్ దగ్గరికి ప్రయాణాల వాళ్ళు వస్తూనే ఉంటారు. సింగపూర్, మలేషియా టూర్ బుక్ చేసుకున్న కుటుంబాలు, దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న భర్త దగ్గరికి పిల్లల్ని తీసుకుని వెళ్ళే కోనసీమ ఆడవాళ్ళు, సెలవులు అయిపోయి డాలస్‌కో న్యూజెర్సీకో తిరిగి వెళ్ళిపోతున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మనవడిని వెంటబెట్టుకుని కూతురి దగ్గరికి బయల్దేరిన అమ్మమ్మలు. వాంతుల మాత్రలు, బ్యాండేజీలు, డైపర్లు అన్నీ తీసుకున్నాక, డబ్బులు ఇచ్చే ముందు గొంతు తగ్గించి అడుగుతారు. “మేడమ్, విమానంలో పిల్లాడు పడుకునేలా ఏదైనా సిరప్ ఉంటే ఇవ్వండి.”

కొంతమంది పేరుతో సహా అడుగుతారు. ఎవరో బంధువు వాట్సాప్‌లో పంపిన సీసా ఫొటో చూపిస్తారు. చూస్తే అవన్నీ దాదాపు ఒకే జాతి మందులు. ప్రోమెథజీన్, క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్. అలర్జీకి, దురదకి, ముక్కు కారడానికి వాడే పాతతరం మందులు ఇవి. మత్తు రావడం వీటి సైడ్ ఎఫెక్ట్. రోగం ఏమీ లేని పిల్లకి ఆ సైడ్ ఎఫెక్ట్ కోసమే మందు పోస్తామంటున్నారు. నేను ఇవ్వను. ఇవ్వనంటే చాలామంది నొచ్చుకుంటారు, కొందరు పక్క షాపుకి వెళ్ళిపోతారు. కౌంటర్ దగ్గర రద్దీలో వాళ్ళకి పూర్తిగా చెప్పే వీలు ఉండదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ నిదానంగా చెప్తాను.

ప్రోమెథజీన్ 2 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వనే కూడదు. ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చని అమెరికాలో ఔషధాలను నియంత్రించే ఎఫ్‌డీఏ ఆ మందు కాగితం మీద నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. మన దగ్గర జలుబుకి విరివిగా వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించమని మన కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో కంపెనీలకు చెప్పారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకూ సూచనలు పంపింది. 2 ఏళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, 5 ఏళ్ళలోపు వారికి కూడా మామూలుగా అవసరం లేదని అందులో ఉంది. ఛింద్వారాలో పిల్లల ప్రాణం తీసింది సిరప్‌లో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం. దానికీ మత్తుకీ సంబంధం లేదు, రెండూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ దగ్గుతో బాధపడుతున్న పిల్లకే ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఇవ్వమంటున్న సిరప్‌ని, హాయిగా ఆడుకుంటున్న పిల్లకి విమానం ఎక్కుతోందన్న ఒక్క కారణంతో ఎందుకు పోయాలి?

విమానం లోపలి గాలి గురించి కూడా చెప్పాలి. విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నా, లోపల గాలి ఒత్తిడిని 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉండేంతగా సర్దుతారు. అంటే అరకు కన్నా చాలా ఎక్కువ, దాదాపు ఊటీ కొండ మీద కూర్చున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి దానివల్ల ఏమీ కాదు. అయితే రక్తంలో ఆక్సిజన్ నేల మీద ఉన్నప్పటికంటే కొద్దిగా తగ్గుతుంది. అలాంటి చోట ఊపిరిని మందగింపజేసే మందు పోసి, డాక్టరు అందుబాటులో ఉంటాడో లేడో తెలియని గంటల ప్రయాణంలో ఒళ్ళో పడుకోబెట్టుకుంటున్నాం. లైట్లు ఆర్పేసిన విమానంలో ఒళ్ళో పిల్ల మామూలు నిద్రలో ఉందో మత్తులో ఉందో తల్లికి ఎలా తెలుస్తుంది? తట్టి లేపితే లేవని పిల్లను చూసి ఆకాశంలో ఆ తల్లి ఏం చేయాలి?

అసలు నిద్రే రాకపోవచ్చు కూడా. ఈ మందులు కొంతమంది పిల్లల మీద ఎదురు తిరిగి పనిచేస్తాయి. నిద్రకి బదులు చిరాకు, గింజుకోవడం, సీట్లో నిలవకపోవడం మొదలవుతుంది. ఏ పిల్ల ఎలా ఉంటుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఇంట్లో ఒకసారి పోసి చూసి తీసుకెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. దయచేసి అదీ చేయకండి.

చెవుల సంగతి చాలామందికి తెలియదు. విమానం పైకి లేచేటప్పటి కంటే కిందికి దిగేటప్పుడే పిల్లలు ఎక్కువ ఏడుస్తారు. గాలి ఒత్తిడి మారుతున్నప్పుడు చెవికీ గొంతుకీ మధ్య ఉన్న సన్నని గొట్టం తెరుచుకుంటేనే చెవి లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు, ఏడ్చినప్పుడు అది తెరుచుకుంటుంది. మనం గుటకలు మింగి సర్దుకుంటాం. చంటిపిల్లకి అది తెలియదు కాబట్టి పాలు పట్టాలి, కాస్త పెద్ద పిల్లయితే స్ట్రాతో నీళ్ళు తాగించాలి. విమానం దిగడం మొదలయ్యేది నేలను తాకడానికి సుమారు అరగంట ముందు. నిద్రలో ఉన్న పిల్లని ఆ టైముకి లేపి ఏదో ఒకటి తాగించాలి. మత్తులో ఉన్న పిల్ల లేవదు, మింగదు. తర్వాత చెవిపోటుతో లేచి ఏడ్చే ఏడుపు మామూలుగా ఉండదు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే బాధ ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ప్రయాణానికి ముందే పిల్లల డాక్టరుకి చూపించాలి.

సిరప్ ఒద్దంటే ఈమధ్య రెండో ప్రశ్న వస్తోంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన, నిద్ర కోసం తినే మెలటోనిన్ గమ్మీలు పెట్టొచ్చా అని. చూడడానికి చాక్లెట్లలా ఉంటాయి కాబట్టి భయం వేయదు. అమెరికాలో అమ్మే 25 రకాల గమ్మీలను పరీక్షించి 2023లో జామా అనే వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. వాటిలో 22 రకాల్లో డబ్బా మీద రాసిన మోతాదు ఒకటి, లోపల ఉన్నది ఒకటి. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు, ఎక్కువలో ఎక్కువ రాసినదానికి మూడు రెట్లు దాటి కూడా ఉంది. ఎంత పెడుతున్నామో మనకే తెలియనిది పిల్ల నోట్లో ఎలా పెడతాం? ఇక అమ్మమ్మలు, నాయనమ్మలు జాజికాయ అరగదీసి నాకిస్తామంటారు. ఉగ్గుగిన్నె అంచున ఒక చుక్క వేసే రోజుల సంగతి వేరు. నిద్ర రావాలని ఎక్కువ నాకిస్తే జాజికాయ కూడా విషమే. వస కొమ్ము ఎక్కువై వాంతులు పట్టుకున్న పిల్లల్ని ఆసుపత్రికి తేవడం మన దగ్గర కొత్త కాదు. పెద్దవాళ్ళ మీద గౌరవంతోనే ఈ మాట చెప్తున్నాను.

ఇంత ప్రమాదం ఉన్నా తల్లులు ఎందుకు అడుగుతున్నారు? నాకు అర్థమైనంతలో వాళ్ళ భయం పిల్ల గురించి కాదు, పక్క సీట్ల వాళ్ళ గురించి. ఫిబ్రవరిలో అమలాపురం దగ్గర ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో ఏడాదిన్నర బాబు. హైదరాబాద్‌లో ఎక్కి దోహాలో మారి డాలస్ వెళ్ళాలి. భర్త అక్కడ ఉన్నాడు, ఈ అమ్మాయి ఒక్కతే బాబుతో వెళ్ళాలి. దోహా నుంచి డాలస్‌కే దాదాపు 16 గంటలు. “వచ్చేటప్పుడు వీడు ఏడుస్తుంటే ముందు సీటాయన వెనక్కి తిరిగి తిరిగి చూశాడక్కా. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి సీటు మార్చమన్నాడు. నాకు అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఈసారి వీణ్ణి పడుకోబెట్టేయాలి, లేకపోతే నేను ఎక్కలేను” అంది. ఆ మాటంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ అమ్మాయిని లోపల స్టూలు వేసి కూర్చోబెట్టాను. రెండేళ్ళు నిండని పిల్లలకు ప్రత్యేకంగా సీటు కొనక్కర్లేదు, తల్లి ఒళ్ళో వెళ్ళొచ్చు. కానీ అన్ని గంటలు ఒళ్ళో మోయడం ఎవరి తరమూ కాదు. దూరప్రయాణాల పెద్ద విమానాల్లో గోడకి తగిలించే చిన్న తొట్టి ఉంటుంది, బాసినెట్ అంటారు. విమానానికి కొన్నే ఉంటాయి, బరువు పరిమితీ ఉంటుంది, బాబు అందులో పడతాడో లేదో విమాన సంస్థకి ఫోన్ చేసి ముందే అడిగి రాయించుకోమన్నాను. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తే బాబుని కాసేపు చూడమని సిబ్బందిని మొహమాటం లేకుండా అడగమన్నాను. దోహాలో విమానం మారే చోట బాబుని చంకన వేసుకుని కూర్చోకుండా నేల మీద వదిలి పరుగెత్తనివ్వమన్నాను. దిగేటప్పుడు పాలు పట్టమన్నాను. సిరప్ లేకుండానే వెళ్ళింది. డాలస్ చేరాక మెసేజ్ పెట్టింది. బాబు ఏడ్చాడట, కాసేపు గట్టిగానే ఏడ్చాడట. వెనక సీట్లో ఉన్న ఒక పెద్దాయన తన కళ్ళజోడు తీసి ఆడుకోమని ఇచ్చారట.

అందుకే ఈ ఉత్తరంలో సగం నేను తల్లిదండ్రులకు రాయడం లేదు, తోటి ప్రయాణికులకు రాస్తున్నాను. మన ఆర్టీసీ బస్సులో చంటిపిల్ల ఏడిస్తే ఎదురు సీటు ఆవిడ చేతులు చాచి తీసుకుంటుంది, కండక్టరు కూడా పలకరిస్తాడు. అదే జనం విమానం ఎక్కేసరికి మొహం ఎందుకు ముడుచుకుంటారో నాకు అర్థం కాదు. టికెట్ ఖరీదు ఎక్కువ కాబట్టి నిశ్శబ్దం కూడా కొన్నామని అనుకుంటారో ఏమో. ఏడుస్తున్న పిల్లల వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ వీడియో చూసిన ప్రతి కొత్త తల్లీ మర్నాడు ఏదో ఒక మందుల షాపు మెట్లు ఎక్కుతుంది. మీకు ఇబ్బందే, కాదనను. కానీ మీ చూపుకి భయపడి ఆ తల్లి సీసా మూత తీయాలా?

విమాన సంస్థల వైపు నుంచీ ఒకటుంది. నిరుడు మేం మా మూడేళ్ళ పాపని తీసుకుని సింగపూర్ వెళ్ళాం. రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి సింగపూర్. ముగ్గురి టికెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయి. హైదరాబాద్ కౌంటర్‌లో ఇచ్చిన బోర్డింగ్ పాసులు చూస్తే ముగ్గురికీ మూడు వేర్వేరు వరసల్లో సీట్లు. మూడేళ్ళ పిల్ల ఎవరో తెలియని ఇద్దరి మధ్య కూర్చోవాలన్నమాట. పక్కపక్కన కావాలంటే డబ్బు కట్టి సీట్లు ఎంచుకోవాలన్నారు. ఆ సంస్థ పేరు రాయను, మిగతావాటి సంగతీ అంతేనని తర్వాత చాలామంది చెప్పారు. 12 ఏళ్ళలోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో గానీ సంరక్షకుల్లో గానీ కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో మన విమాన సంస్థలను ఆదేశించింది. ఆ వార్త ఫోన్‌లో తీసి చూపించాను. అప్పుడు మార్చారు. నాకు ఆ ఆదేశం గుర్తుంది కాబట్టి సరిపోయింది. తెలియని వాళ్ళు అక్కడ డబ్బయినా కడతారు, లేదా అపరిచితుల మధ్య కూర్చోబెట్టిన పిల్ల ఏడవకుండా ఉండాలని ఇంకేదైనా ఆలోచిస్తారు. చెక్ ఇన్ కౌంటర్ దగ్గర ఈ ఆదేశాన్ని తెలుగులో బోర్డు రాసి పెట్టాలని నేను అడుగుతున్నాను.

మందు లేకుండా మా పాపని ఎలా తీసుకెళ్ళామో కూడా చెప్తాను, నన్ను అందరూ అడిగేది అదే కాబట్టి. వారం ముందు నుంచి ఇంట్లో డైనింగ్ టేబుల్ కుర్చీలు వరసగా వేసి విమానం ఆట ఆడాం. బెల్టుకి బదులు చున్నీ కట్టేదాన్ని. బెల్టు పెట్టుకోవాలని, లేవమనే దాకా లేవకూడదని, చెవులు గుయ్యిమంటే నీళ్ళు తాగాలని ఆ ఆటలోనే నేర్చుకుంది. విమానాశ్రయంలో కూర్చోబెట్టకుండా వాళ్ళ నాన్న చేయి పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించారు. రోజూ కప్పుకునే పాత దుప్పటే తీసుకెళ్ళాం. కొత్త బొమ్మలు కొనలేదు. స్టిక్కర్ల పుస్తకం ఒకటి, సన్నగా తిప్పిన జంతికలు, అటుకుల చుడువా డబ్బాలో పోసి పెట్టాను. చుడువాలో పల్లీలు వేయలేదు, ఆ వయసులో గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంటుంది. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు పట్టిస్తూనే ఉన్నాను. మధ్యలో నిద్రపోయింది. దిగేటప్పుడు నేను లేపితే విసుక్కుంది, ఏడ్చింది, స్ట్రా నోట్లో పెట్టాక కాసేపటికి సర్దుకుంది.

సింగపూర్‌లో మేం రోజుకి ఒక్క చోటే చూశాం. టూర్ ప్యాకేజీలు పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా తిప్పుతాయి. పెద్దవాళ్ళకే అది కష్టం, అందుకే మేం ప్యాకేజీ తీసుకోలేదు. అక్కడి బొటానిక్ గార్డెన్స్ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న చోటు. దాని లోపల జేకబ్ బాలస్ పిల్లల తోట ఉంది. పక్కన పిల్ల ఉంటేనే పెద్దవాళ్ళని ఆ తోటలోకి రానిస్తారు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. తొంభై సెంటీమీటర్ల ఎత్తు దాటని పిల్లలకు బస్సులో, రైల్లో టికెట్ లేదు. తోపుడు బండి మడవకుండానే బస్సు ఎక్కించొచ్చు. మధ్యాహ్నం గదికి వచ్చి పాపని పడుకోబెట్టి, సాయంత్రం లిటిల్ ఇండియాలో పెరుగన్నం తినిపించి సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి వెళ్ళేవాళ్ళం. చూడని చోట్లు చాలా మిగిలిపోయాయి. ఫరవాలేదు.

ఒక రాత్రి పాపకి జ్వరం వచ్చింది. పారాసెటమాల్ నా దగ్గర ఉంది, ఇచ్చాను. పొద్దున్నే ఇంకో సీసా కోసం దగ్గర్లోని ఫార్మసీకి వెళ్ళాను. నేనూ అదే వృత్తిలో ఉన్నానని అక్కడి ఫార్మసిస్టుకి చెప్పలేదు. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, పిల్ల బరువెంత. తర్వాత ఆఖరి డోసు ఎప్పుడు ఇచ్చారు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా. అవన్నీ అయ్యాకే సీసా చేతికిచ్చింది. మన దగ్గర కూడా అలా అడిగేవాళ్ళు ఉన్నారు, కానీ సాయంత్రం రద్దీలో ఎన్ని షాపుల్లో అడుగుతున్నారు? కౌంటర్ వెనక నిలబడే మనందరం అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా వృత్తివాళ్ళకి కూడా ఈ ఉత్తరం ద్వారా చెప్తున్నాను.

బరువు ఎందుకంటే, పారాసెటమాల్ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మన దగ్గర 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండే సిరప్ ఉంది, 250 ఉండేదీ ఉంది. చంటిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 ఉంటుంది. 12 కిలోల పిల్లకి కిలోకి 15 చొప్పున 180 మిల్లీగ్రాములు అనుకుంటే, మొదటి సిరప్ 7 మిల్లీలీటర్లకు పైచిలుకు పోయాలి, రెండోది అందులో సగం, డ్రాప్స్ అయితే 2 మిల్లీలీటర్ల లోపే. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే మోతాదు ఎక్కువై లివర్ మీద దెబ్బ పడొచ్చు. ఇంటి చెంచాతో కొలవొద్దు. సూది లేని సిరంజి ఒకటి పెట్టుకోండి, పది రూపాయల వస్తువు. ఇంకో సంగతి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది, విమానం దిగగానే ఫోన్‌లో టైమ్ దానంతట అదే మారిపోతుంది. గడియారం చూసి డోసు ఇస్తే లెక్క తప్పుతుంది. ఆఖరి డోసు ఇచ్చి ఎన్ని గంటలైందో చూసుకుని, కనీసం నాలుగు గంటలు గడిచాకే ఇవ్వాలి. రోజంతా కలిపి ఎన్ని డోసులు దాటకూడదో డాక్టరు చేత ముందే రాయించుకోండి.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు నాలుగైదు పెట్టుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళలో కలపమని ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించి అమ్మిన తియ్యటి టెట్రా ప్యాక్‌ల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. విమానంలో చేతి సంచిలోకి ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లోనే అనుమతిస్తారు. పిల్లల పాలకి, ప్రయాణంలో కావాల్సిన మందులకి మినహాయింపు ఉంది, కాకపోతే సెక్యూరిటీ దగ్గర బయటికి తీసి చూపించాలి. మందులు వచ్చిన సీసాల్లోనే ఉంచి, డాక్టరు చీటీ పక్కన పెట్టుకోండి.

ఊరి నుంచి మసాలా పొడులు కట్టించుకుని వెళ్ళేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. గసగసాలు యూఏఈలోనూ సింగపూర్‌లోనూ నిషేధిత సరుకు. కోడికూర మసాలాలో అత్తగారు వేసి పంపిన గుప్పెడు గసగసాలతో పిల్లని చంకనేసుకుని కస్టమ్స్ వాళ్ళ ముందు నిలబడే పరిస్థితి తెచ్చుకోవద్దు. నల్లమందు జాతికి చెందిన కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా ముందస్తు అనుమతి కావాలేమో కనుక్కోకుండా ఈ దేశాల్లోకి తీసుకెళ్ళకూడదు. ఇంట్లో మిగిలిపోయిన సీసా కదా అని పెట్టెలో పడేయకుండా లేబుల్ చదవండి, అర్థం కాకపోతే షాపుకి తెచ్చి చూపించండి.

ప్రయాణంలో వాంతులు అయ్యే పిల్లలు, ఆస్తమా ఉన్న పిల్లలు, ఫిట్స్ మందులు వాడుతున్న పిల్లలు ఉంటారు. వాళ్ళ డాక్టరు పరీక్షించి, బరువు చూసి ఏదైనా మందు రాస్తే అది వైద్యం. దాన్ని నేను ప్రశ్నించడం లేదు, ఆ మందులు ఆపమనీ అనడం లేదు. నేను వద్దంటున్నది చీటీ లేకుండా, మన సౌకర్యం కోసం పోసే సిరప్‌ని.

సంపాదకులు గారూ, మే నెల ప్రయాణాలు మొదలయ్యే లోపే మీ ఆరోగ్యం పేజీలో పిల్లల డాక్టరు చేత దీని మీద ఒక వ్యాసం రాయించమని కోరుతున్నాను. మత్తు సిరప్‌ల ప్రమాదం, దిగేటప్పుడు పాలు పట్టడం, బరువుని బట్టి మోతాదు, 2024 డీజీసీఏ ఆదేశం, ఈ నాలుగూ అందులో ఉండేలా చూడండి. ఆ పేజీ కత్తిరించి మా షాపు అద్దానికి అంటిస్తాను. మిగతా షాపుల వాళ్ళకి కూడా మా సంఘం ద్వారా నేనే అందజేస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కాకినాడ.